తొలి నవల సొంతంగా అచ్చు వేయించుకునేవారికి: బెజవాడ ప్రెస్సుల దారిలో అడుగడుగు వివరం

విజయవాడ పుస్తక మహోత్సవం మామూలుగా జనవరి మొదట్లో మొదలై పది పదకొండు రోజులు నడుస్తుంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో సొంత ఖర్చుతో నవల వేసుకునే చాలామంది కళ్లు ఆ తేదీ మీదే ఉంటాయి. ఉంటే తప్పులేదు. చిక్కల్లా నవంబరు చివరి వారంలో పెన్‌డ్రైవ్ పట్టుకుని ప్రెస్సుకి పరిగెత్తడంలోనే. అప్పటికే ప్రెస్సులు కొత్త సంవత్సరం క్యాలెండర్లతో, డైరీలతో, మీలాంటి మరో పాతికమంది పుస్తకాలతో ఊపిరాడకుండా ఉంటాయి. ప్రూఫు (దిద్దడానికి తీసే నమూనా అచ్చు) చూసే తీరిక అటు డీటీపీ చేసేవారికీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టేవారికీ ఉండదు, ఇటు మీకూ ఉండదు. పుస్తకం పండక్కి వచ్చేస్తుంది. అచ్చుతప్పులు మాత్రం ఇంట్లో మిగిలిన ఆఖరి కాపీ దాకా మీతోనే ఉంటాయి.

అందుకని లెక్క వెనక నుంచి వేసుకోవాలి. జనవరి 1కి పుస్తకం అమ్మకానికి సిద్ధంగా ఉండాలంటే డిసెంబరు 10కల్లా కట్టలు ఇంటికి చేరాలి. అందుకు నవంబరు మొదటి వారంలో ఆఖరి పీడీఎఫ్ ప్రెస్సుకి వెళ్లాలి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య), కవరు అక్టోబరులో తేలాలి. పేజీలు కట్టడం, మూడు ప్రూఫులు ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకా. ఇతరులతో చదివించి తిరగరాసుకునే పని జూన్, జూలైల్లో. అంటే ఎండాకాలం సెలవులు మొదలయ్యేసరికి నవల పూర్తయి ఉండాలి. పూర్తవకపోతే వచ్చే జనవరి ఎక్కడికీ పోదు.

1. చదివించడం, తిరగరాయడం

రాసిన వెంటనే డీటీపీకి ఇవ్వకండి. నెల రోజులు పక్కన పెట్టి, తర్వాత నలుగురైదుగురికి ఇవ్వండి. అందరూ స్నేహితులే అయితే "బాగుందండీ" తప్ప ఇంకేమీ రాదు. ఒకరు నవలలు విరివిగా చదివేవారు, ఒకరు భాష మీద పట్టున్నవారు, ఒకరు మీరంటే మొహమాటం లేనివారు ఉండేట్టు చూసుకోండి. "ఎలా ఉంది?" అని అడగొద్దు. ఏ పేజీలో పుస్తకం పక్కన పెట్టారు, ఏ ఇద్దరు మనుషులు కలగాపులగమయ్యారు, ఎక్కడ వెనక్కి తిప్పి మళ్లీ చదవాల్సొచ్చింది అని అడగండి. ఇద్దరు ఒకే చోట ఆగారంటే ఆ చోటు బాగుచేయాల్సిందే.

ఆ తర్వాత ఎడిటింగ్. కథ ఎడిటింగ్ వేరు, భాష సరిచేయడం వేరు, ప్రూఫు చూడటం వేరు. మూడూ ఒకరే చేస్తానన్నా ఒకేసారి చేయలేరు. డబ్బులు తక్కువుంటే కవరు లామినేషన్‌లో తగ్గించుకోండి గానీ ఇక్కడ కాదు.

తెలుగుకి ప్రత్యేకంగా ఒక పని ఉంది. ఒక కాగితం మీద మీ వర్ణక్రమం పట్టిక రాసుకోండి: పెళ్ళి అని రాస్తారా, పెళ్లి అనా? వాళ్ళు, వాళ్లు? చెయ్యాలి, చేయాలి? హైదరాబాదు, హైదరాబాద్? ఏది రాసినా తప్పుకాదు, రెండూ కలిపి రాస్తేనే కంటికి అడ్డం పడుతుంది. యాస విషయంలోనూ అంతే. సంభాషణల్లో గుంటూరు పల్లె మాట పెట్టి, కథనంలో శిష్ట వ్యావహారికం నడపొచ్చు. మొత్తం యాసలోనే రాయొచ్చు. ఒక పాత్ర మొదటి అధ్యాయంలో "ఎళ్లాడు" అని, పదో అధ్యాయంలో "వెళ్ళాడు" అంటే మాత్రం అది పాత్ర ఎదుగుదల అని ఎవరూ అనుకోరు.

ఇదే దశలో హక్కుల సంగతి చూసుకోండి. సినిమా పాట పల్లవులు, ఇతరుల కవితా పాదాలు ఉంటే అనుమతి కావాలి. మన దేశంలో సాహిత్య రచనల మీద కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. అనుమతి తెచ్చుకునే ఓపిక లేకపోతే పాట పేరు మాత్రం చెప్పి వదిలేయడం సుఖం. నిజ జీవితంలో ఉన్న మనిషిని గుర్తుపట్టేలా రాసి ఉంటే ఊరు, వృత్తి, వయసు మూడూ మార్చండి. పేరు ఒక్కటి మారిస్తే సరిపోదు, ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

2. ఫైలు: అసలు దెబ్బ తగిలేది ఇక్కడే

ఈ రోజుల్లో రచయితలు ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో యూనికోడ్‌లో (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా తెలుగు ఒకేలా చదవగలిగే పద్ధతి) టైపు చేస్తున్నారు. డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇంకా పేజ్‌మేకర్ అనే పాత పేజీ కట్టు సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. మీ ఫైలుని కన్వర్టర్‌లో వేసి మారుస్తారు, ఆ మార్పులో అక్షరాలు చెదురుతాయి.

ఏవి చెదురుతాయో ముందే తెలిస్తే ప్రూఫులో అవే వెతకొచ్చు. పొల్లుతో ఆగాల్సిన చోట కనిపించకుండా ఉండే విడదీసే గుర్తు పోయి "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అవుతుంది. "స్త్ర", "క్ష్మ" లాంటి మూడు హల్లుల గుత్తుల్లో ఒకటి జారిపోతుంది. ఙ, ఞ లు మాయమవుతాయి. కొటేషన్ గుర్తులు, డ్యాష్‌లు వేరే గుర్తులవుతాయి. ఇంగ్లిషు మాట ఏదైనా ఇంగ్లిషు లిపిలో ఉంటే అను ఫాంటులో అది అర్థంలేని తెలుగు అక్షరాల కుప్పగా అచ్చవుతుంది.

ఇంకో నష్టం వెంటనే కనిపించదు. ప్రూఫులో మీరు దిద్దిన దిద్దుబాట్లన్నీ డీటీపీవారి పేజ్‌మేకర్ ఫైలులోనే ఉంటాయి. మీ దగ్గరున్న యూనికోడ్ ఫైలు పాతదైపోతుంది. ఏడాది తర్వాత ఈ-బుక్ చేద్దామనుకుంటే అను ఫాంటు పీడీఎఫ్ నుంచి తెలుగు తిన్నగా కాపీ అవదు, అందులో మాట వెతికినా దొరకదు. మళ్లీ మొదటి నుంచీ దిద్దుకోవాలి. కాబట్టి ప్రతి దిద్దుబాటునీ రెండు చోట్లా చేయండి, లేదా అసలు యూనికోడ్‌లోనే పేజీలు కట్టేవారిని వెతకండి.

పేజీలు కట్టే మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు చక్కగా కూర్చుంటుంది. ఒక్క షరతు: పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. అది ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. "ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదండీ" అనే మాట ఎక్కువగా ఇక్కడి నుంచే పుట్టింది. మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, సురన్న వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. లోపలి పాఠానికి మండలి లాంటి సాదా ఫాంటు, అధ్యాయాల పేర్లకి రామభద్ర లాంటి లావు ఫాంటు వాడుకోవచ్చు. లావు ఫాంటుతో నవలంతా కట్టకండి, పది పేజీలకే కళ్లు లాగుతాయి.

3. పేజీ కట్టు

తెలుగు నవలకి అలవాటైన సైజు డెమ్మీ 1/8, అంటే కత్తిరించాక సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. 12 పాయింట్ల అక్షరం, వరుసకీ వరుసకీ 16 నుంచి 17 పాయింట్లు ఇవ్వండి. ఇంగ్లిషు పుస్తకం కొలతలు చూసి 14 పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడి దీర్ఘాలకి తగులుతాయి. లోపలి మార్జిను, అంటే బైండింగ్ వైపు, 20 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. తగ్గితే పాఠకుడు పుస్తకాన్ని విరిచి చదవాల్సొస్తుంది.

ఈ కొలతల్లో పేజీకి దాదాపు 210 నుంచి 230 మాటలు పడతాయి. 42 వేల మాటల నవల, ముందు పేజీలన్నీ కలుపుకుని 208 పేజీల దగ్గర తేలుతుంది. 208 అనడానికి కారణం ఉంది. అచ్చులో లెక్క ఫారాల్లో నడుస్తుంది: డెమ్మీ 1/8లో ఒక ఫారం అంటే 16 పేజీలు. 208 పేజీలంటే సరిగ్గా 13 ఫారాలు. మీ పుస్తకం 211 పేజీలొస్తే ఆ మూడు పేజీల కోసం మరో ఫారమో, అర ఫారమో వేయాలి. అధ్యాయాల మొదళ్లలో ఖాళీ తగ్గించో, ముందుమాట కుదించో 208కి తెచ్చుకోవడం తెలివైన పని.

తెలుగు మాటలు పొడుగు. రెండు అంచులూ సమంగా కట్టినప్పుడు మాటల మధ్య ఖాళీలు నోరు తెరుస్తాయి. మాటని అక్షరం దగ్గర విరిచి కింది వరుసకి పంపడానికి ఒప్పుకోండి, కానీ ఒక్క అక్షరం ఒంటరిగా మిగలనివ్వకండి. అధ్యాయం చివర పేజీలో ఒకే ఒక్క వరుస మిగిలినా అలాగే సర్దాలి.

ప్రచురణ వివరాల పేజీలో ఉండాల్సినవి: పుస్తకం పేరు, "నవల" అన్న మాట, రచయిత పేరు, కాపీరైటు ఎవరిది, ప్రథమ ముద్రణ నెల, ఏడాది, ప్రతుల సంఖ్య, వెల, ఐఎస్‌బీఎన్, ప్రచురణకర్త చిరునామా, కవరు చిత్రకారుల పేరు, డీటీపీ, ముద్రణ ఎక్కడ, చివరగా "ప్రతులకు" అని ఫోను నంబరు. ఈ చివరిది మర్చిపోయినవారు ఆశ్చర్యపోయేంత మంది. పుస్తకం నచ్చినవారికి ఇంకో కాపీ ఎక్కడ దొరుకుతుందో తెలియకుండా పోతుంది.

ముందుమాట గురించి ఒక మాట. పెద్ద రచయిత ముందుమాట రాస్తానన్నారని నెలలకొద్దీ ఆగిపోయిన పుస్తకాలు చాలా ఉన్నాయి. అడగండి, మూడు వారాలు గడువు చెప్పండి, రాకపోతే ముందుకెళ్లండి. నవల కొనేవారు కొనేముందు మొదటి పేజీ కథే చదువుతారు. ముందుమాటలు మూడు ఉంటే అవి దాటడానికే వారి ఓపిక అయిపోతుంది.

4. మూడు ప్రూఫులు

మొదటి ప్రూఫు కాగితం మీద, మీరే, గొంతెత్తి చదవాలి. తెర మీద చూస్తే మీరు రాసింది కాక రాశాననుకున్నది కనిపిస్తుంది. రెండో ప్రూఫు నవల అంతకుముందు చదవని మనిషికి ఇవ్వండి. మూడో ప్రూఫులో కొత్త తప్పులు వెతకొద్దు. మునుపు దిద్దిన చోట్లు మాత్రమే, దిద్దిన వాక్యానికి అటూ ఇటూ ఉన్న రెండు వాక్యాలతో సహా చూడండి. దిద్దుతున్నప్పుడు పక్క మాట చెడటం డీటీపీలో రోజూ జరిగేదే.

వెతికి పట్టుకోవాల్సిన పాత నేరస్థులు: అర్థం రాయాల్సిన చోట అర్ధం (అది సగం), ప్రాథమికకి బదులు ప్రాధమిక, నిశ్శబ్దానికి నిశ్శబ్ధం, శతాబ్దానికి శతాబ్ధం, విద్యకి విధ్య. శ, ష, స ల తారుమారు. ణ బదులు న. ఇవి కంప్యూటర్లో "వెతుకు" నొక్కి చూడొచ్చు. పాత్ర పేరు మారడం, మంగళవారం రెండుసార్లు రావడం మాత్రం మనిషే చూడాలి.

మూడో ప్రూఫు అయ్యాక డిజిటల్‌లో మూడు నాలుగు డమ్మీ కాపీలు వేయించండి. బైండు చేసిన పుస్తకంగా చేతిలోకి వచ్చాక, కాగితాల మీద కనబడని తప్పులు కనబడతాయి. ఈ ఖర్చు వృథా కాదు.

5. ఐఎస్‌బీఎన్, కాపీరైటు

ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఇస్తుంది. ఆన్‌లైన్ పోర్టల్లో రచయితగా నమోదు చేసుకుని, గుర్తింపు పత్రం, పుస్తకం టైటిల్ పేజీ, కవరు జతచేసి అడగాలి. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనే మధ్యవర్తుల అవసరం లేదు. పేరు ఖాయమయ్యాకే అడగండి. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, ఈ-బుక్‌కి మరొకటి కావాలి. ప్యాకేజీ కంపెనీ (డబ్బు తీసుకుని పుస్తకం మొత్తం వేసిపెట్టే సంస్థ) తన నంబరు ఇస్తే రికార్డుల్లో ప్రచురణకర్త ఆ కంపెనీ అవుతుంది, మీరు కారు.

కాపీరైటు రాసినప్పుడే మీదవుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే సాహిత్య రచనకి రుసుము 500 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాకే పరిశీలనకి వెళుతుంది కాబట్టి దాని కోసం అచ్చు ఆపొద్దు.

6. కవరు

కవరు బొమ్మ వేసేవారితో హక్కులు కాగితం మీద రాసుకోండి: పుస్తకం కవరుకే వాడాలా, పోస్టర్లకీ, రెండో ముద్రణకీ వాడొచ్చా? ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మని అనుమతి లేకుండా వేసుకోవడం దొంగతనమే.

ఫైలు సీఎంవైకే (అచ్చు సిరాల) రంగుల్లో, 300 డీపీఐ స్పష్టతతో, అంచులకి 3 మిల్లీమీటర్ల బ్లీడుతో (కత్తిరింపులో పోయే అదనపు అంచు) ఉండాలి. తెర రంగులైన ఆర్‌జీబీలో ఉంచితే తెరమీద మెరిసిన నీలం అచ్చులో ఊదాగా మారుతుంది. వెన్ను మందం అంచనాతో వేయకండి. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం గ్రాముల్లో తూగే బరువు) మాప్‌లిథో అనే పుస్తకాల కాగితం మీద 208 పేజీలకి వెన్ను దాదాపు 10 మిల్లీమీటర్లు వస్తుంది, కానీ మిల్లుని బట్టి కాగితం మందం మారుతుంది. ప్రెస్సువారు కొన్న కాగితంతోనే అచ్చు లేని తెల్ల డమ్మీ కట్టించి స్కేలుతో కొలవండి. రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే వెన్ను మీది పేరు ముందు అట్టమీదకి జారుతుంది. బార్‌కోడ్ తెల్ల గడిలోనే ఉండాలి. ముదురు రంగు మీద నేరుగా వేస్తే స్కానర్ చదవదు.

7. ప్రెస్సు, కాగితం, లెక్క

300 కాపీల లోపైతే డిజిటల్ ముద్రణ, 500 పైనైతే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. మధ్యలో ఉంటే రెండు ఎస్టిమేట్లూ తీసుకోండి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల (పేజీలు ఎక్కించి అచ్చు తీసే రేకుల) ఖర్చు కాపీలు ఎన్నైనా ఒకటే: పెద్ద డబుల్ డెమ్మీ మిషన్ మీద 208 పేజీలకి 13 ప్లేట్లు, డెమ్మీ మిషన్ మీద 26. అందుకే "ఇంకో 500 వేసుకుంటే కాపీకి బాగా తగ్గుతుంది" అంటారు. నిజంగానే తగ్గుతుంది. కానీ ఆ 500 మీ మంచం కిందే ఉంటాయి. తొలి నవలకి మీ చేత్తో, మీ పరిచయాలతో ఎన్ని అమ్మగలరో లెక్కేసి, దానికి వందకి మించి కలపొద్దు.

ఎస్టిమేటు అడిగేటప్పుడు మూడు ప్రెస్సులకీ ఒకే మాట రాసివ్వండి. లేకపోతే ఒకరు 60 జీఎస్‌ఎం, ఇంకొకరు 70 జీఎస్‌ఎం లెక్కేసి చెబుతారు, మీరు తక్కువ చెప్పినవారి దగ్గరికి వెళ్తారు. ఇలా రాయొచ్చు:

"డెమ్మీ 1/8, 208 పేజీలు, లోపల నేచురల్ షేడ్ మాప్‌లిథో 70 జీఎస్‌ఎం, ఒక రంగు. కవరు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, నాలుగు రంగులు, మ్యాట్ లామినేషన్. సెక్షన్ కుట్టు, పర్ఫెక్ట్ బైండింగ్. 500 కాపీలు. కాగితం ప్రెస్సుదే. జీఎస్టీ, రవాణా కలిపి."

ఆ చివరి వాక్యం ముఖ్యం. అచ్చయిన పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేదు గానీ ప్రెస్సు బిల్లులో ఉంటుంది.

కాగితం లెక్క మీకూ తెలియాలి. 23 x 36 అంగుళాల డబుల్ డెమ్మీ షీటు ఒక్కటి 32 పేజీలిస్తుంది. 208 పేజీలకి ఆరున్నర షీట్లు. 500 కాపీలకి 3,250, వేస్టేజీ 5 శాతం కలిపితే 3,400 దాటుతుంది, అంటే రీముకి 500 షీట్ల లెక్కన 7 రీములు. 70 జీఎస్‌ఎంలో రీము దాదాపు 18.7 కిలోలు, మొత్తం సుమారు 130 కిలోల కాగితం. ఆ రోజు కిలో ధర అడిగితే ఎస్టిమేటులో కాగితం భాగం సబబో కాదో మీకే తెలుస్తుంది. మరీ తెల్లటి కాగితం కంటే కాస్త పసుపు ఛాయ ఉన్నది నవలకి బాగుంటుంది, చదివేటప్పుడు మెరవదు.

కుట్టు (ఫారాల్ని దారంతో కుట్టడం) దగ్గర పొదుపు చేయకండి. జిగురు మీదే ఆధారపడిన బైండింగు బెజవాడ ఎండలకి రెండు వేసవులయ్యేసరికి పెళుసెక్కి పేజీలు ఊడొస్తాయి. కాగితం నార (పోగుల దిశ) వెన్నుకి సమాంతరంగా ఉండేట్టు వేయమని చెప్పండి. అడ్డంగా ఉంటే పుస్తకం తెరుచుకోదు, వానాకాలంలో పేజీలు అలలు తిరుగుతాయి.

డబ్బు సగం ముందు, సగం డెలివరీ చూశాక. చూడటమంటే పై కట్టలో మొదటి కాపీ కాదు. వేర్వేరు కట్టల నుంచి ఇరవై తీయండి. 16-17, 32-33, 48-49 అలా ఫారాలు కలిసే పేజీల దగ్గర తెరవండి. ఫారం తప్పిపోయినా, రెండుసార్లు వచ్చినా, తలకిందులైనా అక్కడే బయటపడుతుంది. చెడ్డ కాపీలు మార్చి ఇస్తామని ముందే రాయించుకోండి.

8. వెల

అంకెలు మీ ఊహకి మాత్రమే: అచ్చుకి 50,000, డీటీపీ, కవరు, ప్రూఫులకి 15,000 అయ్యాయనుకుందాం. మొత్తం 65,000. 500 కాపీల్లో సమీక్షలకి, గ్రంథాలయాలకి, సాయం చేసినవారికి 60 పోతే అమ్మకానికి 440. వెల 200 పెట్టారు. షాపులకి 40 శాతం డిస్కౌంటు ఇస్తే మీ చేతికి 120. నేరుగా అమ్మితే తగ్గింపులు పోను 170 అనుకోండి. సగం అటు, సగం ఇటు అమ్ముడైతే 26,400, 37,400 కలిపి 63,800. అంటే ఆఖరి కాపీ దాకా అమ్మినా 1,200 నష్టం. వెల 225 పెట్టి, నేరుగా అమ్మినప్పుడు 190 వస్తే 71,500. వెల వేయడానికి ముందు ఈ లెక్క మీ అంకెలతో వేసుకోండి. తక్కువ పెడితే ఎక్కువమంది కొంటారన్నది నవలల విషయంలో పెద్దగా నిజం కాదు; 200కి కొననివారు 150కీ కొనరు, ఉచితంగా అడుగుతారు.

ఉచిత ప్రతుల అలవాటు మన దగ్గర గట్టిది. ఆవిష్కరణ సభలోనే యాభై పంచేసినవారున్నారు. జాబితా ముందే రాసుకుని, దాని మీద లేనివారికి నవ్వుతూ వెల చెప్పండి.

9. అచ్చయ్యాక

1954 నాటి పుస్తకాల బట్వాడా చట్టం ప్రకారం ప్రచురణ జరిగిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ప్రతులు ప్రచురణకర్త ఖర్చుతో పంపాలి. ఈ పుస్తకానికి ప్రచురణకర్త మీరే. రసీదులు దాచుకోండి.

పత్రికలకి సమీక్ష కోసం రెండేసి ప్రతులు పంపడం ఆనవాయితీ. ఒక పేజీ పరిచయం, ఫోను నంబరు జతచేయండి. పంపిన వారానికే ఫోన్ చేసి అడగొద్దు.

షాపుల్లో ఏలూరు రోడ్డు నుంచి మొదలుపెట్టండి. అక్కడి పుస్తకాల దుకాణాలు ఎక్కువగా అమ్ముడయ్యాకే డబ్బిచ్చే పద్ధతిలో తీసుకుంటాయి. ఒక్కోచోట 5 నుంచి 10 కాపీలు చాలు. చలానా మీద తేదీ, కాపీలు, డిస్కౌంటు, ఎన్నాళ్లకి లెక్క చూస్తారన్నది రాయించుకోండి. మూడు నెలలకోసారి స్వయంగా వెళ్లాలి. వెళ్లకపోతే అమ్మిన డబ్బూ రాదు, అమ్మని పుస్తకాలూ రావు. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు ఇలాగే తిరగండి.

పుస్తక మహోత్సవంలో ఒక్క పుస్తకంతో సొంత స్టాలు తీసుకుంటే అద్దె కూడా రాదు. నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకోవాలి, లేదా తెలిసిన ప్రచురణకర్త స్టాలులో ఉంచమని అడగాలి. ఉన్నా లేకున్నా సాయంత్రాలు, శనాదివారాలు మీరు అక్కడే నిలబడి ఉండాలి. రచయిత ఎదురుగా ఉంటే సంతకం కోసమైనా కొంటారు. క్యూఆర్ కోడు, చిల్లర, రెండు పెన్నులు మర్చిపోకండి.

ఆవిష్కరణకి పెద్ద హాలు వద్దు. గుంటూరు అన్నమయ్య గ్రంథాలయం లాంటి చదువరుల చోటు, నలభై మంది, ముగ్గురికి మించని వక్తలు. వక్తలకి పుస్తకం పది రోజుల ముందే చేరాలి. సంక్రాంతి మూడు రోజులూ వదిలేయండి, ఎవరూ ఊళ్లో ఉండరు.

పోస్టులో పంపేవారికి బరువు ముఖ్యం. పైన చెప్పిన 208 పేజీల పుస్తకం దాదాపు 240 గ్రాములు తూగుతుంది, పోస్టు కవరు, గట్టి అట్ట కలిపినా 300 లోపే. 2025 మేలో తపాలాశాఖ మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో అప్పటి ధర 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. అందులో పంపే పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, ప్రకటనలు ఉండకూడదు. కౌంటర్లో ముందు ఒక కాపీ చూపించి అడగండి. పుస్తకం 256 పేజీలైతే ప్యాకింగుతో 300 దాటిపోతుంది. పేజీలు తగ్గించుకోవడానికి ఇదీ ఒక కారణం.

ఈ-బుక్‌కి గూగుల్ ప్లే బుక్స్‌లో రచయితలు నేరుగా చేరొచ్చు. అమెజాన్ 2016 చివర్లో కిండిల్‌కి ఐదు భారతీయ భాషలు చేర్చినప్పుడు అందులో తెలుగు లేదు, కాబట్టి అక్కడ ఫైలు ఎక్కించేముందు వారి భాషల జాబితా చూసుకోండి. యూనికోడ్ ఫైలు జాగ్రత్తగా దిద్దుకుంటూ వచ్చినవారికి ఈ-బుక్ రెండు రోజుల పని.

ప్యాకేజీ కంపెనీలతో వెళ్లదలిస్తే ఒప్పందంలో మూడు వాక్యాలు వెతకండి: హక్కులు ఎన్నేళ్లు వారివి, రాయల్టీ వెల మీదా లేక "లాభం" మీదా, ఒప్పందం ముగిస్తే పేజీలు కట్టిన ఫైళ్లు మీకిస్తారా. మూడోదానికి "లేదు" అంటే రెండో ముద్రణకి మళ్లీ మొదటి నుంచీ ఖర్చు.

మిగిలిన కట్టలు నేలమీద, గోడకి ఆనించి పెట్టకండి. 500 కాపీలంటే 120 కిలోలు. చెక్క పలకల మీద, గోడకి జానెడు దూరంలో, పాలిథిన్ కప్పి ఉంచితే చెదలూ తేమా తగలవు. పాఠకులు చూపించిన అచ్చుతప్పుల్ని పేజీ నంబరుతో ఒక నోటుబుక్కులో రాస్తూ ఉండండి. ఇంట్లో 50 కాపీలు మిగిలినప్పుడు ఆ నోటుబుక్కు తీసి ఫైలు దిద్ది, ప్రచురణ పేజీలో "ద్వితీయ ముద్రణ" చేర్చి మళ్లీ ఎస్టిమేటు అడగండి. అచ్చుతప్పులు మాత్రమే దిద్దితే పాత ఐఎస్‌బీఎన్ చాలు, కథలో అధ్యాయాలు మార్చితే కొత్తది తీసుకోవాలి.